బొమ్మ ఒకరిది, కోట్లు మరొకరివి

నార్వే రాజధాని ఓస్లోలోని యూనివర్సిటీ ఆస్పత్రిలో ఒక నడవా గోడకు దాదాపు 14 అడుగుల వెడల్పున్న చిత్రం దశాబ్దాల పాటు వేలాడింది. పల్లె బతుకులోని దృశ్యాలు 13 ముక్కలుగా పరుచుకున్న ఆ చిత్రాన్ని ఎం.ఎఫ్. హుస్సేన్ 1954లో వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పని మీద ఢిల్లీ వచ్చిన లియాన్ వొలొడార్‌స్కీ అనే డాక్టరు అప్పట్లోనే దాన్ని కొని వెంట తీసుకెళ్లారు. 1964లో ఆస్పత్రికి ఇచ్చేశారు. ఎదురుగా నడిచి వెళ్లిన నర్సుల్లో, రోగుల్లో ఎందరు తలెత్తి చూశారో గానీ, 2025 మార్చి 19న న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో మాత్రం ప్రపంచమంతా చూసింది. 'గ్రామయాత్ర' కోటీ 37 లక్షల డాలర్లకు, అంటే దాదాపు రూ. 118 కోట్లకు అమ్ముడైంది. అప్పటికి ఆధునిక భారతీయ చిత్రానికి వేలంలో అదే అత్యధిక ధర. సొమ్ము వైద్యుల శిక్షణకు వెళ్లింది. ఆ మేరకు సంతోషమే.

మరి 2011లో కన్నుమూసిన హుస్సేన్ వారసుల సంగతి? అమెరికా చట్టం ప్రకారం వారికి ఒక్క డాలరు ఇవ్వాల్సిన అవసరం లేదు. అదే వేలం ముంబైలోనో ఢిల్లీలోనో జరిగి ఉంటే ఇవ్వాలి. అలా ఇవ్వాలని మన చట్టం దాదాపు మూడు దశాబ్దాలుగా చెబుతోంది. ఇస్తున్న దాఖలా మాత్రం కనిపించదు. కళా విపణి కోట్లకు పడగలెత్తిన కథలో అందరూ దాటవేసే పేజీ ఇదే. అక్కడికి వెళ్లేముందు డబ్బు ఈ గూట్లోకి ఎలా వచ్చిందో చూడాలి.

సినిమా హోర్డింగులకు రంగులు వేసి పొట్టపోసుకున్న హుస్సేన్ తొలినాళ్లలో బొంబాయిలో చిత్రం కొనేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1947లో పుట్టిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును భుజం తట్టిన వారిలో ముఖ్యులు హిట్లర్ యూరప్ నుంచి వచ్చి ఇక్కడ తలదాచుకున్న ముగ్గురు - లాంగ్‌హామర్, వాన్ లైడెన్, ష్లెసింజర్. తర్వాత రంగంలోకి దిగింది ప్రభుత్వ సంస్థలే. టాటా మౌలిక పరిశోధనా సంస్థ భవనాలు కట్టేటప్పుడు నిర్మాణ ఖర్చులో 1 శాతాన్ని చిత్రాలకు కేటాయించేలా హోమీ భాభా ఏర్పాటు చేశారు. ఎయిరిండియా తన బుకింగ్ ఆఫీసుల గోడల కోసం విరివిగా కొన్నది. కొందరికి డబ్బు బదులు విమానం టికెట్లు ఇచ్చింది. చిత్రకారులు వాటితోనే పారిస్, లండన్ చూసొచ్చారు. (1967లో ఇదే సంస్థ కోసం యాష్‌ట్రే రూపొందించిన సాల్వడార్ డాలీ ప్రతిఫలంగా ఏనుగు పిల్లను అడిగి తీసుకున్నాడు. బేరమాడటం మనవాళ్లకు ఆయన నేర్పి ఉండాల్సింది.) ఆ సేకరణ ఎయిరిండియా ప్రైవేటు చేతికి వెళ్లాక కేంద్ర సాంస్కృతిక శాఖకు చేరింది.

హైదరాబాద్‌లో నడిచిన తంతు వేరు. టాటాలు, బిర్లాల హాళ్ల కోసమే గీస్తూ కూర్చుంటే ఎలా, పల్లె జనం ఎరిగిన రామాయణం గీయరాదా అని రామ్‌మనోహర్ లోహియా తనను అడిగారని హుస్సేనే పలుమార్లు చెప్పారు. లోహియా 1967లో పోయారు. ఆ మాట మాత్రం హుస్సేన్‌ను వదల్లేదు. లోహియా అనుచరుడు, 'కల్పన' పత్రిక నడిపిన బద్రీవిశాల్ పిత్తీ ఇంట్లో మకాం వేసి ఏళ్ల తరబడి 150 దాకా రామాయణ చిత్రాలు వేశారు. వాటిని ఎడ్లబండి మీద ఊళ్లకు తీసుకెళ్లి జనానికి చూపించామని కూడా చెప్పుకున్నారు. వెలకట్టడమన్న మాటే అక్కడ రాలేదు. పిత్తీ ఇల్లు, భోజనం, రంగులు ఇచ్చారు. హుస్సేన్ బొమ్మలు ఇచ్చారు. ఇదేమీ స్వర్ణయుగం కాదు. అలాంటి ఆతిథ్యం దొరికింది ఒక్క హుస్సేన్‌కే, మిగతా చిత్రకారులు స్కూళ్లలో డ్రాయింగు మాస్టర్లుగా బతుకు వెళ్లదీశారు. కానీ బొమ్మ అంటే ఏమిటి, ఎవరి కోసం అన్న వాదన అప్పట్లో లోహియా వంటి రాజకీయ నేతకు కూడా పట్టేది.

వాతావరణం మారింది 1990లలో. అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన చెస్టర్, డేవిడా హర్విట్జ్ దంపతులు దశాబ్దాల పాటు భారత్ వచ్చి వేలల్లో చిత్రాలు కొన్నారు. వాటిలో కొన్నింటిని 1995, 1996లలో సోత్‌బీస్ న్యూయార్క్‌లో వేలం వేసినప్పుడే మన బొమ్మలకూ అంతర్జాతీయంగా ధర ఉంటుందని తెలిసొచ్చింది. 2000లో దినేశ్, మినల్ వజీరానీలు ముంబైలో శాఫ్రన్‌ఆర్ట్ స్థాపించి వేలాన్ని ఇంటర్నెట్ మీదికి తెచ్చారు. అంతవరకూ గ్యాలరీ యజమానికీ కొనే పెద్దమనిషికీ మధ్య చెవిలో చెప్పుకునే సంగతిగా ఉన్న ధర కంప్యూటర్ తెర మీద అందరికీ కనిపించింది. ప్రవాస భారతీయుడు కాలిఫోర్నియాలో కాఫీ తాగుతూ పాట పాడవచ్చు. షేర్ల ధరల మాదిరిగానే గైతోండే ఎంత, సూజా ఎంత అని చూసుకోవచ్చు. నా లెక్కలో అసలు విప్లవం కోట్లది కాదు, ఇదే. ధర బాహాటమయ్యాక బొమ్మ ఆస్తి అయింది. ఆస్తి అయ్యాక దాన్ని దాచుకునేవాళ్లు, తాకట్టు పెట్టేవాళ్లు, దాని పేరుతో అప్పు తెచ్చేవాళ్లు, నకిలీ చేసేవాళ్లు వరసగా వచ్చి చేరారు.

తయ్యబ్ మెహతా కథ ఈ మలుపును పట్టి చూపుతుంది. సినిమా ఎడిటింగు గదిలో పని మొదలుపెట్టిన ఆయన ఏడాదికి వేసింది చాలా కొద్ది చిత్రాలు. నచ్చనివి చించేసేవారు. 2002లో ఆయన 'సెలబ్రేషన్' క్రిస్టీస్‌లో రూ. కోటిన్నరకు, 2005 సెప్టెంబరులో 'మహిషాసుర' 15 లక్షల 80 వేల డాలర్లకు, అంటే దాదాపు రూ. 7 కోట్లకు అమ్ముడయ్యాయి. సమకాలీన భారతీయ చిత్రం వేలంలో 10 లక్షల డాలర్లు దాటడం అదే మొదలు. పత్రికలన్నీ మొదటి పేజీల్లో వేశాయి. అప్పటికి ఆయనకు 80 ఏళ్లు. ముంబై శివారు లోఖండ్‌వాలాలో మామూలు ఫ్లాట్‌లో ఉండేవారు. రెండు చిత్రాలూ అంతకుముందే చేయి దాటిపోయినవి కనుక అమ్మకం సొమ్ము అమ్మినవాళ్లదే. ఆయనకు దక్కింది కీర్తి, ఆపైన వేసే చిత్రాలకు మంచి ధర. 2009లో ఆయన పోయారు.

గైతోండేకు ఆ మేరకు కూడా ప్రాప్తం లేదు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఒక డాబా మీది గదిలో ఏడాదికి అయిదారు చిత్రాలు వేస్తూ, ఎవరి జోలికీ పోకుండా బతికిన మనిషి. 1984లో ప్రమాదం జరిగాక పెద్ద కాన్వాసుల జోలికి చాన్నాళ్లు పోలేకపోయారు. 2001లో చనిపోయినప్పుడు పత్రికలు కూడా పెద్దగా పట్టించుకోలేదు. 2013 డిసెంబరులో క్రిస్టీస్ భారత్‌లో జరిపిన తొలి వేలంలో ఆయన చిత్రం రూ. 23.7 కోట్లు పలికింది. మరుసటి ఏడాది న్యూయార్క్ గుగన్‌హైమ్ మ్యూజియం ఆయన చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. మ్యూజియం గౌరవించాక మార్కెట్ వెంట రావడం పాత పద్ధతి. ఇక్కడ మార్కెట్టే ముందు నడిచింది.

2004-08 మధ్య ఊపు చూసినవాళ్లకు ఆ రోజుల మాటలు గుర్తుండే ఉంటాయి. షేర్లు, భూములు అయిపోయాయి, ఇక బొమ్మలే అన్నారు. 2006లో ఓసియన్స్ ఆర్ట్ ఫండ్ మదుపరుల నుంచి రూ. 102 కోట్లు సేకరించింది. మూడేళ్లలో చిత్రాలు కొని, అమ్మి, లాభం పంచాలన్నది ఒప్పందం. 2008లో అమెరికా బ్యాంకులు కూలాయి, కొనేవాళ్లు మాయమయ్యారు, గడువు వచ్చేసరికి చెల్లింపులు నిలిచిపోయాయి. ఇలాంటి ఫండ్లు తన అనుమతి లేకుండా నడవడానికి వీల్లేదని సెబీ 2008లోనే చెప్పింది. షేరును ఏ ఉదయమైనా అమ్మవచ్చు. కాన్వాసును కొనేవాడు వచ్చినప్పుడే అమ్మాలి. తేదీ వేసుకుని అమ్మబోతే ధర అట్టడుగుకు పోతుంది. ఇంత చిన్న విషయం ఎంబీఏలు చదివినవాళ్లకు తట్టకపోవడం విచిత్రమే.

హుస్సేన్ పేరుతోనే మరో కథ నడిచింది. 2004లో ముంబై పారిశ్రామికవేత్త ఒకరు వంద చిత్రాలకు రూ. 100 కోట్లు ఇస్తానని ఆయనతో ఒప్పందం చేసుకున్నారు. దేశమంతా నోరు వెళ్లబెట్టింది. వందలో చేతులు మారినవి 25. ఆ తర్వాత వ్యాపారి సంస్థలు నాఫెడ్‌కు ఎగ్గొట్టిన రుణం మీద సీబీఐ కేసు వచ్చింది. రైతుల పేరు మీద నడిచే ఒక సహకార సంఘం బాకీకి హుస్సేన్ బొమ్మలు జామీనుగా మారాయి. చివరికి బాంబే హైకోర్టు అనుమతితో 2025 జూన్‌లో ముంబైలో ఆ 25 చిత్రాలను వేలం వేస్తే రూ. 60 కోట్లకు పైగా వచ్చింది. ఇన్నేళ్లూ వాటిని చూసినవాళ్లు ఎవరు? అవి 'మన భూగోళం' అన్న అర్థం వచ్చే పేరుతో వేసిన చిత్రాలు కావడం కొసమెరుపు. అంతకుముందు 2019 మార్చిలో ఆదాయపు పన్ను శాఖ నీరవ్ మోదీ సేకరణలోని చిత్రాలను వేలం వేయించి దాదాపు రూ. 59 కోట్లు రాబట్టింది. అందులో రాజా రవివర్మ చిత్రం ఒక్కటే రూ. 16 కోట్లు. బ్యాంకును ముంచి పరారైన మనిషి ఇంట్లో గోడకు ఉన్నది తిరువాన్కూరు మహారాజు మద్రాసు గవర్నరుకు స్వాగతం చెబుతున్న చిత్రం. అది పబ్లిక్ మ్యూజియంలో ఉండాల్సింది. పన్ను వసూలు చేసే శాఖ దాన్ని మ్యూజియానికి కాక మళ్లీ మార్కెట్‌కే పంపింది.

ఇక ఆ దాటవేసిన పేజీ. కాపీరైట్ చట్టం సెక్షన్ 53ఎ. 1994 సవరణతో చేర్చారు. రూ. 10 వేలకు మించిన ధరకు అసలు చిత్రం గానీ, శిల్పం గానీ మళ్లీ అమ్ముడైతే అందులో వాటా పొందే హక్కు దాన్ని సృష్టించిన కళాకారుడికి, ఆయన పోతే వారసులకు ఉంటుంది. కాపీరైట్‌ను ఎవరికి రాసిచ్చినా ఈ హక్కు పోదు. వాటా 10 శాతానికి మించకూడదు. చనిపోయిన తర్వాత 60 ఏళ్ల దాకా వర్తిస్తుంది. ఫ్రాన్స్ ఇలాంటి చట్టాన్ని 1920లోనే తెచ్చింది. బ్రిటన్ 2006లో తెచ్చింది. అంటే బ్రిటన్ కంటే మనమే ముందు. కాగితం మీద.

మెలిక ఎక్కడుందంటే, ఎంత శాతమో సెక్షన్ చెప్పదు. కాపీరైట్ బోర్డు తేల్చాలంది. ఆ బోర్డు పని 2017లో మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డుకు బదిలీ అయింది. 2021లో ఆ బోర్డే రద్దయింది. ఇప్పుడు కమర్షియల్ కోర్టుకు వెళ్లాలి. వేలం సంస్థలు ఎవరి నుంచి ఎంత తీసుకోవాలో పైసాతో సహా రాసి పెట్టుకున్నాయి. కొన్నవారు సుత్తి ధర మీద అయిదో వంతు దాకా, కొన్నిచోట్ల అంతకు పైనే సంస్థకు అదనంగా కట్టాలి. అమ్మినవారు కమిషన్ ఇవ్వాలి. ప్రభుత్వానికి జీఎస్టీ వెళ్లాలి. ఆ జీఎస్టీని 2025 సెప్టెంబరులో 12 నుంచి 5 శాతానికి తగ్గించారు కూడా. ఇన్ని వాటాలు పోసే బల్ల దగ్గర బొమ్మ గీసినవాడికి కుర్చీ లేదు. 2010లో రజా చిత్రం 'సౌరాష్ట్ర' లండన్‌లో రూ. 16 కోట్లకు పైగా పలికినప్పుడు ఆయన బతికే ఉన్నారు, కుంచె పడుతూనే ఉన్నారు.

వాటా ఇస్తే అమ్మకాలు చాటుగా జరుగుతాయని, వేలాలు దుబాయ్‌కి, న్యూయార్క్‌కి తరలిపోతాయని వ్యాపారుల వాదన. తీసిపారేయదగ్గ మాటేమీ కాదు. చిత్రకారుడికి ప్రతిష్ఠ పెరిగితే కొత్త చిత్రాలకు ధర పెరుగుతుంది, అదే ఆయన వాటా అని కూడా అంటారు. తయ్యబ్ మెహతా విషయంలో ఇది కొంత నిజం. గైతోండే విషయంలో? పోయినవాడు కొత్త చిత్రం వేయలేడు. పైగా లబ్ధి అంతా పది పదిహేను పేర్ల చుట్టూనే తిరుగుతోంది. సినిమాకు పాట రాసిన కవికి, బాణీ కట్టిన సంగీత దర్శకుడికి రాయల్టీ హక్కు 2012 సవరణతో గట్టిపడింది. వాళ్ల తరఫున అప్పట్లో జావేద్ అఖ్తర్ రాజ్యసభలో ఉండేవారు, వసూలు చేసే సంఘం ఉంది. చిత్రకారులకు ఎవరున్నారు? ఇది కళకు సంబంధించిన ప్రశ్న కాదు, సంఘటితం కావడానికి సంబంధించినది.

డబ్బు మంచి చేయలేదా? చేసింది. తోట వైకుంఠం కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని వచ్చాక చాలా ఏళ్లు వేరే పనులు చేశారు. సినిమాలకు కళా దర్శకత్వం వహించారు. 'దాసి'కి జాతీయ అవార్డు కూడా అందుకున్నారు. ఆయన తర్వాతి తరంలో హైదరాబాద్ కుర్రాళ్లు చదువు పూర్తికాగానే బొమ్మల మీదే బతకగలమని నమ్మారంటే అది మార్కెట్ చలవే. కిరణ్ నాడార్ 'సౌరాష్ట్ర'ను కొని తన మ్యూజియంలో జనానికి చూపించారు. ప్రభుత్వ గ్యాలరీలు ఆ ధరకు కొనగలిగే స్థితిలో లేవు.

కానీ మార్కెట్‌కు ఒక పట్టు ఉంది. నచ్చిన ముఖాన్ని మళ్లీ మళ్లీ అడుగుతుంది. వైకుంఠం అంటే పెద్ద బొట్టు, పసుపు రాసిన ముఖం, ముదురు రంగు చీర. రజా అంటే బిందువు. కొనేవాడికి గోడ మీద దూరం నుంచే పేరు తెలియాలి, ఇంటికొచ్చిన అతిథికీ తెలియాలి. అంత తేలిగ్గా గుర్తుపట్టగలిగితే అంత తేలిగ్గా కాపీ కొట్టనూ వచ్చు. వైకుంఠం బొమ్మలను పోలినవి హైదరాబాద్ హోటళ్లలో, ఫ్లాట్లలో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. 2009 జనవరిలో ఢిల్లీలో ఒక పేరున్న గ్యాలరీ రజా చిత్రాల ప్రదర్శనకు రజానే పిలిచింది. ఆయన వచ్చి, గోడలన్నీ కలియజూసి, ఇవి నావి కావన్నారు. 2011లో కోల్‌కతా ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలో పెట్టిన రవీంద్రుడి చిత్రాలు నకిలీవని పురావస్తు శాఖ నిపుణులు తేల్చారు. రజా బతికుండబట్టి చెప్పగలిగారు. పోయినవాళ్ల విషయంలో ధర చెప్పడానికి పదిమంది ఉన్నారు, అసలుదో కాదో చెప్పడానికి నమ్మకమైన వ్యవస్థ లేదు.

మార్కెట్ చూపు అసలు పడని చోట్లు కూడా ఉన్నాయి. 28 ఏళ్లు నిండకుండానే 1925లో చనిపోయిన దామెర్ల రామారావు చిత్రాలు రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి. అవి అమ్మకానికి రావు కనుక వాటికి వేలం రికార్డు లేదు. మదుపు సలహాదారుల జాబితాల్లో ఆయన పేరు వెతకడం దండగ.

చేర్యాల సంగతి ఇంకా వేరు. అక్కడి నకాషీ కళాకారులు గీసే పొడవాటి పటాలు అసలు గోడల కోసం పుట్టినవి కావు. పద్మశాలీల పురాణం చెప్పే కూనపులివాళ్లు, గొల్లల కథ చెప్పే మందహెచ్చులవాళ్లు అడిగి గీయించుకునేవారు. ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో బేరంలోనే తేలేది. ఊరూరా తిప్పి కథ చెప్పగా చెప్పగా పటం చిరిగిపోతే శాస్త్రోక్తంగా నీళ్లలో వదిలి కొత్తది గీయించేవారు. మళ్లీ అమ్మడమన్న ఊహే లేదు. కథ వినేవాళ్లు తగ్గాక గిరాకీ పోయింది. ఇప్పుడు చేర్యాలలో ఎక్కువగా తయారయ్యేవి ఎంపోరియంలలో అమ్మే చిన్న బొమ్మలు, మాస్కులు, తాళాల గుత్తులు. పాత పటాలు మాత్రం సేకర్తల చేతుల్లోకి వెళ్లాయి. జగదీశ్ మిత్తల్ వంటివాళ్లు వాటి విలువ తెలిసి హైదరాబాద్‌లోనే దాచి, ట్రస్టుకు అప్పగించారు కనుక కొన్నయినా ఇక్కడ మిగిలాయి. సెక్షన్ 53ఎలో కాన్వాసని గానీ, ఆర్ట్ కాలేజీ పట్టా అని గానీ లేదు. చేర్యాల కళాకారుడు ఈమధ్య గీసిన పటం ఏ వేలంలోనైనా 10 వేలు దాటితే ఆయనకూ వాటా రావాలి. అందుకోసం ఆయన ముందుగా వేలం జరిగిందని తెలుసుకోవాలి, ఆ తర్వాత వకీలును పెట్టుకుని కమర్షియల్ కోర్టు మెట్లెక్కాలి.